బేరమాడని మనవడు

ఈ వ్యవహారం మొదలైనప్పుడు నా చేతిలో ఉన్నది ఇది: ఒక మనవడు, వాణ్ణి కన్న కూతురు, ఒక భార్య, ఒక వియ్యపురాలు. మనవడు అరవడు, కూతురు ఎక్కువగా మాట్లాడదు. ఆ లోటు మిగిలిన ఇద్దరూ పూడ్చేవాళ్ళు. కంప్లిలో వడ్ల వ్యాపారం చేసుకునే సుబ్బరామికి ఇంతకంటే మంచి నిల్వ ఉండదని అప్పట్లో నేనే నలుగురితో చెప్పాను.

వడ్లను నేను చూసి కొనను, తాకి కొంటాను. తుంగభద్ర కాలువ కింద కోత కాగానే కల్లాల్లో కుప్పలు పోస్తారు. పైన ఎండిన గింజ నవ్వుతూ ఉంటుంది. దాని మాట నమ్మకూడదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా కుప్పలో దూరుస్తాను. లోపల వెచ్చగా తగిలిందా, తడి ఉందని అర్థం. గింజ మొలకెత్తాలని చూస్తోంది, నాలుగు రోజులాగితే కంపు కొడుతుంది. చల్లగా తగిలిందా, సరుకు మంచిది. ఈ ఒక్క విద్యతో ఇల్లు కట్టాను, కూతురి పెళ్ళి చేశాను. అందుకే ఆ విద్య అన్నిటికీ పనికొస్తుందనుకున్నాను.

కూతురు చంద్రికను క్యాంపు వాళ్ళకు ఇచ్చాను. క్యాంపు అంటే గుడారాలు కావు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ భూములు కొని స్థిరపడిన రైతుల ఊళ్ళను మా వైపు ఇప్పటికీ అలాగే పిలుస్తాం. చంద్రిక, ప్రవీణ్‌కుమార్ బళ్ళారిలో చదువుకుంటున్నప్పుడే అన్నీ తేల్చుకున్నారు. మాకు మిగిలింది పత్రికలు అచ్చు వేయించడమే. అల్లుడు మంచివాడు, కోత మిషన్లు తిప్పుతాడు, ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక పొలంలో ఉంటాడు. కాబట్టి తొలి కాన్పుకు చంద్రిక మా ఇంటికి వస్తే ఆమెతో పాటు వచ్చింది అల్లుడు కాదు, అల్లుడి తల్లి సరోజినీదేవి. నాలుగు రోజులుండి పోతానన్నారు. ఆ నాలుగు రోజులను ఆమె లెక్కపెట్టే తీరు వేరు.

కాన్పు కంప్లి ఆసుపత్రిలోనే అయింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు మా ముగ్గురినీ వరసగా నిలబెట్టింది.

"బొడ్డిగె ఏనూ హచ్చబేడి," అని కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి దిగింది. "బొడ్డుకు ఏమీ పూయద్దండప్పా. పసుపు వద్దు, నూనె వద్దు, బూడిద వద్దు. దానంతట అది ఎండి రాలనీండి. చేతులు సబ్బుతో కడుక్కోని బిడ్డను ఎత్తుకోండి. తల్లిపాలు తప్ప ఇంకేం పట్టద్దండి. పాలు తాగడం తగ్గినా, ఒళ్ళు కాలినా, ఒళ్ళు సల్లబడినా, మత్తుగా పడుకున్నా, ఎగశ్వాస తీసినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా ఆలోచించొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, తీసుకొచ్చేయండి."

మేము తలలూపాం. సరుకు అప్పగించేవాడు షరతులు చెబుతుంటే తలూపడం వ్యాపారంలో మర్యాద.

ఆమె చెప్పింది మాకు అర్థం కాలేదని కాదు. రెండు భాషల్లో అర్థమైంది. చిక్కు ఎక్కడంటే, ఫలానాది పూయమని చెప్పి ఉంటే పూసేవాళ్ళం. ఎంత పూయాలో వాదించుకునేవాళ్ళం. "ఏమీ వద్దు" అన్న మాటకు మా ఇంట్లో హక్కుదారు లేడు. నా భార్య తిమ్మమ్మకు తన పుట్టింటి ఆముదం ఉంది. సరోజినీదేవికి తన అత్తింటి కొబ్బరినూనె ఉంది. 'ఏమీ' తరఫున కొట్లాడే వియ్యపురాలు ఎక్కడుంది?

"ఆముదంలో పసుపు కలిపి పెడితే బొడ్డు పూవు రాలినట్ల రాలతాది వదినా," అంది నా భార్య. "మా ఇండ్లల్లో బిడ్డలందరికీ అదే."

"రాలుతుందేమోనండి వదినగారూ, కాదనను. మా వైపు మాత్రం వసకొమ్ము కాల్చి, ఆ మసి కొబ్బరినూనెలో రంగరించి పెడతాం. మా ప్రవీణ్‌కి అదే పెట్టాను. వాడి పొట్ట చూడండి, ఇప్పటికీ ఎలా ఉందో!"

"సూస్తానే ఉండాను," అంది తిమ్మమ్మ.

అల్లుడి పొట్ట చొక్కా గుండీలతో ఎప్పుడూ పేచీలోనే ఉంటుంది. ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికి ఇద్దరూ ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని బిడ్డకు చెరో వైపు కూర్చున్నారు. మండీలో ఇలాంటివి నేను రోజూ తెంచుతాను. రైతు ఒక ధర అంటాడు, మిల్లువాడు ఒక ధర అంటాడు, నేను మధ్యలో టవల్ కింద వేళ్ళు పట్టి ఇద్దరినీ సగానికి తెస్తాను. ఎవరికీ పూర్తిగా సంతోషం ఉండదు, అందువల్ల ఎవరికీ ఓడిపోయామని ఉండదు.

"సగం మీది, సగం మాది," అన్నాను. "బరాబర్. ఇంగ మాటల్లేవు."

ఒక చెంచా ఆముదం పసుపు, ఒక చెంచా కొబ్బరినూనె మసి నా చేత్తోనే కొలిచి, ఖాళీ గిన్నెలో నా వేలితోనే కలిపాను. అప్పుడే మండీ నుంచి వచ్చి ఉన్నాను. గోళ్ళలో వడ్ల దుమ్ము ఉంది. దాన్ని మూడో వాటాగా ఎవరూ లెక్కించలేదు.

చంద్రిక మంచం మీద నుంచి అంది: "నర్సమ్మ ఏమీ వద్దనింది గదా నాయనా?"

"ఇది ఏమీ పూయనట్లే లెక్కమ్మా. రెండూ కలిసినంక దేని గుణమూ దానికి ఉండదు. ఒకదాన్నొకటి కొట్టుకోని పోతాయి."

ఆ సమాధానానికి అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఒకేసారి నన్ను మెచ్చుకున్నారు. అది వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి సందర్భం.

పుట్టిన కొత్తలో మా వాడి గొంతు వీధి చివర పాల డెయిరీ దాకా వినిపించేది. పాలకు ఒక నిమిషం ఆలస్యమైతే కాళ్ళతో తన్ని, మొహం మిరపపండు చేసుకుని ఇల్లు లేపేవాడు. తర్వాత్తర్వాత తగ్గాడు. మేలుకున్నా మెల్లగా మూలిగేవాడు, ఆపై అదీ మానేశాడు. పడుకోబెడితే పడుకున్నాడు, ఎత్తుకుంటే ఎత్తుకున్న చోట వాలిపోయాడు.

"ఎంత బుద్ధిమంతుడో చూడండి," అంది సరోజినీదేవి. "అచ్చం మా మామగారే. ఆయన గొంతు పెంచి ఎరగరు."

"మా నాయనా అంతే," అంది తిమ్మమ్మ. "సచ్చేటప్పుడు కూడా ఎవరికీ సెప్పకుండా పొయినాడు."

ఇద్దరూ ఆ నిశ్శబ్దాన్ని తమ తమ వంశాల ఖాతాలో వేసుకోవడానికి పోటీ పడ్డారు. బొడ్డు ఇంకా రాలలేదు. అందుకు మాత్రం ఎవరి గిన్నె ఎవరికి అడ్డుపడిందన్న చర్చ నడిచింది. ఇద్దరూ మోతాదు కొద్దిగా పెంచారు, బరాబర్‌గానే.

"అమ్మా, వీడు పాలు తాగల్యా," అంది చంద్రిక. "రెండు సార్లు చప్పరించి వదిలేస్తాండాడు."

"కడుపు నిండింటాది."

"తాగకుండా ఎట్ల నిండతాదమ్మా?"

"తిప్పలు పెట్టని బిడ్డ దొరికినాడని సంతోషపడాల్సింది పోయి! నువ్వు పుట్టినప్పుడు నేను పడిన పాట్లు తెలిస్తే ఈ మాట అనవు."

చంద్రిక నా వైపు చూసింది. నేను లేచి, చొక్కా చెయ్యి మడిచి, నా విద్య ప్రయోగించాను. పాదాలు తాకాను. పొట్ట తాకాను. చల్లగా ఉన్నాయి.

"సల్లగా ఉండాడు," అన్నాను. "జ్వరం గిరం ఏం లేదు. మంచి సరుకు."

తొట్లు వేసే రోజు వచ్చింది. బిడ్డను తొట్టిలో వేసి పేరు పెట్టే వేడుక మా వైపు ఆడవాళ్ళది. మగవాళ్ళ పని బాడుగ కుర్చీలు దించడం, పిలిచినప్పుడు రావడం. అయినా ఆ రోజుకు ముందు నేను పడిన బేరాలు ఒక పంట కాలానికి సరిపోతాయి. పేరు వాళ్ళ వెంకటకృష్ణయ్యదా, మా నాయన మారన్నదా? వెంకటకృష్ణయ్య అంటే పోయిన మా వియ్యంకుడు. మూడు పూటలు వాదించి 'మారకృష్ణ' దగ్గర తెగ్గొట్టాను. తొట్టి మొదట ఎవరు ఊపాలి? ఇద్దరూ చెరో తాడు పట్టుకోవాలి. బిడ్డను క్యాంపుకు ఎప్పుడు పంపాలి? ఆమె మూడో నెల అంది, నేను అయిదో నెల అన్నాను. అది మాత్రం తెగలేదు. ఆమె పొలం గట్టు కంటే గట్టిగా కూర్చుంది, నేనూ కూర్చున్నాను.

క్యాంపు నుంచి టెంపో నిండా జనం వచ్చారు. హాల్లో తొట్టి వేలాడగట్టారు. బిడ్డ చేతులు మారుతూ ఉన్నాడు. ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి, పూలు పట్టిన చేతుల్లోంచి వక్కాకు నలిపిన చేతుల్లోకి. ఎవరి దగ్గరికి వెళ్ళినా పేచీ లేదు. అప్పుడే వంటింట్లోంచి గుగ్గిళ్ళ స్టీలు పళ్ళెం తెస్తున్న ఒక పిల్ల గడప తట్టుకుని పడింది. పళ్ళెం బండల మీద పడి గిర్రున తిరిగి, చాలాసేపు మోగింది. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. నా చేతిలోని కాఫీ నా పంచె మీద పడింది.

మనవడు కదల్లేదు.

"అబ్బ, ఏం పిల్లాడండీ! పిడుగు పడినా చలించేట్టు లేడు," అందొక క్యాంపు పెద్దావిడ. అందరూ అవునన్నారు. తిమ్మమ్మ దిష్టి తగులుతుందని మెటికలు విరిచింది.

చంద్రిక లేచి లోపలి గదిలోకి వెళుతూ నన్ను కళ్ళతో పిలిచింది. వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసింది. పాల మాట తండ్రితో ఎలా చెప్పాలో తెలియక కాసేపు పైట సర్దుకుంది. పమిట తడిసి ఉంది. తర్వాత నాకు వచ్చిన ఒకే ఒక భాషలో చెప్పింది.

"నాయనా, ఒక గిరాకీ ఉండాడు అనుకో. దినామూ వచ్చి సరుకెత్తేటోడు. ఆలస్యమైతే తిట్టేటోడు, తలుపులు బాదేటోడు. వాడు ఉన్నట్టుండి సగం ఎత్తడం మొదలుపెట్టినాడు. తర్వాత శాంపిల్ చూసినట్ల చూసి పొయినాడు. ఈ పొద్దు తలుపే తట్టల్యా. నా గోడౌను నిండి గోడలు పగులుతాండాయి. ఆ గిరాకీని నువ్వేమంటావు? బుద్ధిమంతుడంటావా?"

నాకు సిరుగుప్ప వైపు ఒక మిల్లు యజమాని గుర్తొచ్చాడు. ప్రతి లోడుకూ నాతో గొడవే. తేమ ఎక్కువంటాడు, తాలు ఎక్కువంటాడు, మా తాతల దాకా పోయేవాడు. ఒక ఏడు నేను చెప్పినదానికల్లా సరేనన్నాడు. ఎంత మర్యాదస్తుడయ్యాడో అని నేను మురిసిపోయి వచ్చాను. మళ్ళీ పోయేసరికి మిల్లుకు తాళం ఉంది. గొడవపడే గిరాకీ బతికి ఉంటాడు. మాట్లాడకుండా తలూపేవాడి దగ్గరికి మాత్రం పరుగెత్తుకుని పోవాలి. ఇది మండీలో అందరికంటే ముందు తెలుసుకున్నవాణ్ణి నేనే.

బయటికి వచ్చి బిడ్డను తీసుకున్నాను. చల్లదనం అప్పటికీ ఉంది, ఇంకా ఎక్కువైంది. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, ఎక్కడి నుంచో పరుగెత్తి వచ్చినవాడిలా. పొట్ట మీది గుడ్డ తీశాను. మా రెండిళ్ళ మందు పెచ్చు కట్టింది. దాని అంచున చర్మం ఎర్రగా ఉబ్బి, కింద తడిగా ఉంది. పసుపు, వస, కొబ్బరి, ఆముదం, ఇన్ని వాసనల కింద నుంచి నాకు బాగా తెలిసిన ఇంకో వాసన వచ్చింది. వానలో తడిసిన గోనెసంచి వాసన.

వడ్లు చల్లగా ఎందుకుండాలో అప్పుడు ఆలోచించాను. కుప్ప వేడెక్కడమంటే గింజలో ప్రాణం లేవడం. వ్యాపారికి ఆ ప్రాణం అక్కరలేదు, అందుకే చల్లని కుప్పను మెచ్చుకుంటాడు. ఈ కుప్పను నేను అదే లెక్కన మెచ్చుకున్నాను.

"కారు తీయమను," అన్నాను తిమ్మమ్మతో. "ఆస్పత్రికి పోతాండాం."

సరోజినీదేవి లేచి నాకూ గుమ్మానికీ మధ్యకు వచ్చింది.

"ఇదేంటండీ అన్నయ్యగారూ! పేరు పెట్టకుండా పిల్లాణ్ణి గడప దాటిస్తారా? మా పెద్దలందరూ కూర్చున్నారు. ఒక్క అరగంట. పేరు చెవిలో చెప్పేసి, తొట్టి ఊపేసి, అప్పుడు తీసుకెళ్ళండి."

"పేరు నీ ఇష్టం చెల్లెమ్మా. వెంకటకృష్ణయ్యనే పెట్టుకో. మార వద్దు, గీర వద్దు. ఈ పొద్దు నుంచి వాడి పేరు అదే."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంత సులువుగా వస్తుందని అనుకోలేదు.

"మరి తొట్టి..."

"ఎప్పుడు ఊపినా నువ్వే మొదట ఊపు. మా తాడు మాకొద్దు."

"మూడో నెల..."

"మూడో నెలకే తీసుకపో."

సరోజినీదేవి నా మొహం చూసింది. బిడ్డ మొహం చూసింది. మళ్ళీ నా మొహమే చూసింది. పెళ్ళి పత్రికల మీద పేర్ల వరసకు కూడా నాతో రెండు రోజులు వాదించిన మనిషి. నా నోట్లోంచి మూడు మాటల్లో మూడు బేరాలు పోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"వదినగారూ!" అని కేక పెట్టింది. "అన్నయ్యగారు బేరమాడట్లేదండీ! ఏదో అయింది. కారు తియ్యమనండి, కారు!"

గడప మొదట దాటింది ఆమే. చెప్పులు కూడా వేసుకోలేదు.

కంప్లి ఆసుపత్రిలో డాక్టరు నయన చిన్న వయసు మనిషి. బిడ్డను చూసిన క్షణం నుంచి మమ్మల్ని చూడడం మానేసింది. రొమ్ము మీద చూపు నిలిపి శ్వాసలు లెక్కపెట్టింది. చంకలో థర్మామీటరు పెట్టి తీసి, నర్సుకు ఏదో చెప్పింది. అరికాలు మీద వేలితో తట్టింది. బిడ్డ కాలు లాక్కోలేదు. మొహం మాత్రం కొద్దిగా ముడిచాడు.

"జ్వరం ల్యా గదా డాక్టరమ్మా?" అంది తిమ్మమ్మ ఆశగా.

"లేదవ్వా, అదే భయం. పెద్దవాళ్ళకైతే ఒళ్ళు కాలుతుంది. ఇంత పసిబిడ్డలకు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతే చాలాసార్లు ఒళ్ళు చల్లబడుతుంది. పాలు మానేస్తారు, ఏడుపు మానేస్తారు, మత్తుగా పడుంటారు. ఇంట్లోవాళ్ళు మంచి బిడ్డ అనుకుంటారు." ఆమె గుడ్డ విప్పి బొడ్డు చూసింది. "ఇదేన్రీ ఇది? ఏం పూసినారు?"

మా ఇంట్లో ఎన్నో రోజులుగా నడిచిన హక్కుల తగాదా అక్కడ ఒక్కసారిగా తలకిందులైంది.

"వసకొమ్ము మసి," అంది తిమ్మమ్మ. "మా వదిన వైపు ఆచారం."

"అయ్యో, ఎక్కువ ఆముదం పసుపేనండి," అంది సరోజినీదేవి. "వీళ్ళ ఇంట్లో బిడ్డలందరికీ అదేనట. నాదేదో మర్యాదకి ఒక చుక్క."

"చుక్కేంది వదినా, గిన్నెడు!"

"ఎవరిది ఎక్కువ?" అని డాక్టరు అడిగింది, విసుగ్గానే.

"సగం సగం డాక్టరమ్మా," అన్నాను. "నేనే కొలిచినా."

ఆమె నా వైపు మొదటిసారి చూసింది. ఏమీ అనలేదు. నాకు తెలిసిన తిట్లన్నిటిలో అంత ఖరీదైనది లేదు.

అక్కడే మొదటి మందు సూది ద్వారా వేశారు. బళ్ళారి పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకు ఫోన్ చేసి, అంబులెన్సు పిలిచారు. నేను కారులో తొందరగా పోవచ్చన్నాను. ఆక్సిజన్ కారులో ఉందా అని డాక్టరు అడిగింది. లేదన్నాను. ఆ బేరం అంతటితో ముగిసింది. బిడ్డ పట్టు చొక్కా, వెండి మొలతాడు అన్నీ తీయించి, తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేసి, చంద్రిక రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేట్టు పడుకోబెట్టి, పైన ఆమె పైటా ఒక దుప్పటీ కప్పించింది.

"దోవంతా ఇట్లే. నీ వేడి వాడికి పోవాల. అద్దాల వేడి పెట్టెలో పెట్టినదానికంటే ఇదే మేలు."

అంబులెన్సులో చంద్రికతో సరోజినీదేవి కూర్చుంది. తిమ్మమ్మ, నేను కారులో వెనక పోయాం. కురుగోడు దాటాం. కంటోన్మెంట్ దగ్గర రైల్వే గేటు పడి ఉంటుందేమోనని నేను భయపడ్డాను. తెరిచే ఉంది. దారిలో తిమ్మమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అది కూడా నాకు మంచి గుర్తుగా తోచలేదు.

వార్డులోకి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు. ఆమెనైనా మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడిగించాకే. కుప్పలో దూర్చడానికి నేను చొక్కా ఎంత దాకా మడుస్తానో, అంతవరకు కడగాలి. గాజు తలుపులోంచి చూశాను. చేతికి సన్నని గొట్టం, ముక్కులో గొట్టం. రక్తం పరీక్షకు తీసుకున్నారు, మందులు నరంలోకి ఎక్కిస్తున్నారు. చంద్రిక పిండి ఇచ్చిన పాలు కొద్దికొద్దిగా ముక్కు గొట్టంలో పోస్తున్నారు. నిండిన గోడౌనుకు అలా ఒక దారి దొరికింది.

వార్డు డాక్టరును పట్టుకున్నాను. "సార్, ఎంత ఆశ పెట్టుకోవచ్చు? నూటికి ఎంతంటారు?"

"ఇప్పుడే ఏమీ చెప్పలేను."

"ఉజ్జాయింపుగా సెప్పండి సార్. పైకైనా, కిందికైనా..."

"ఏమీ చెప్పలేనప్పా. తొందరగా తెచ్చింటే ఇంకా బాగుండేది. ఇప్పటికైనా తెచ్చినారు. మందుకు బిడ్డ ఎట్ల స్పందిస్తాడో చూడాల."

మొదటి 'ఏమీ'ని మేము వినలేదు కాబట్టి ఈ రెండో 'ఏమీ' వినాల్సి వచ్చింది. దీనికి సగం సగం లేదు. టవల్ కింద పట్టుకోవడానికి అవతల వేళ్ళే లేవు.

వరండాలో వియ్యపురాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఒకరు తెచ్చిన ఇడ్లీ ఇంకొకరు తిన్నారు. ఎవరి చట్నీ గురించీ ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి కొంగుతో ఒకరు కళ్ళు తుడుచుకుంటున్నారు. చూసేవాళ్ళకు అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు. నేను మాత్రం ఆ చాప వైపు చూసినప్పుడల్లా మిల్లు తాళం గుర్తు తెచ్చుకున్నాను. ప్రవీణ్‌కుమార్ ఒంటి నిండా వరి నుసితో వచ్చాడు, తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎవరినీ ఏమీ అడగలేదు. వాడి మౌనమూ ఆ కుప్పలోనే చేరింది.

ఒక పొద్దుట చంద్రిక తలుపు సందులోంచి తల బయట పెట్టి, "ఒళ్ళు వెచ్చబడింది నాయనా," అంది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో వెచ్చబడిందన్న మాట విని సంతోషించడం అదే మొదలు. మరునాడు కాళ్ళు ఆడిస్తున్నాడంది. ఆ తర్వాత ముక్కున్న చిన్న గోకర్ణం గిన్నెతో పాలు నోట్లో పోస్తే గుటక వేశాడట.

ఆపై ఒక మధ్యాహ్నం, మేమందరం వరండాలో కునుకు తీస్తుండగా, గాజు తలుపు లోపల నుంచి ఒక అరుపు వచ్చింది. అరుపు కాదు, దబాయింపు. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దబాయింపు. పాలు ఆలస్యమయ్యాయని, ఈ ఆసుపత్రిలో పద్ధతి లేదని, పెద్దవాళ్ళను పిలవమని.

"అది మావాడే!" అని లేచింది సరోజినీదేవి. "మా మామగారి గొంతు. క్యాంపంతా వినబడేది."

"గొంతు పెంచి ఎరగడంటివి గదా వదినా? అది మా నాయన గొంతు."

"మీ నాన్నగారు చెప్పకుండా పోయారన్నారు కదండీ వదినగారూ?"

"పొయ్యేటప్పుడు సెప్పల్యా. ఉన్నన్ని దినాలూ అరుస్తానే ఉండె!"

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. లోపలా బేరం మొదలైంది, బయటా బేరం మొదలైంది. ఇద్దరు గిరాకీలూ బతికి వచ్చారు.

అరుస్తున్నాడు కదా, ఇంక ఇంటికి పోతామన్నాను. మిగిలిన సూదులు మానేద్దామన్నాను. డాక్టరు ఒప్పుకోలేదు. పైకి బాగున్నా లోపల కొంచెం మిగిలితే మళ్ళీ లేస్తుందట, మందు చివరిదాకా పడాలట. పైన ఎండిన గింజ మాట నమ్మకూడదని నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. నోరు మూసుకుని చివరి సూది దాకా ఉన్నాను.

ఇంటికి పంపేటప్పుడు ఇక్కడి నర్సు కూడా మమ్మల్ని వరసగా నిలబెట్టింది. "బొడ్డిగె..." అని మొదలుపెట్టగానే ఇద్దరూ ఆమె మాట పూర్తి కానివ్వలేదు.

"ఏమీ పూయం," అంది తిమ్మమ్మ.

"ఏమీ పూయమండి," అంది సరోజినీదేవి. "నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను."

"నువ్వా? నేను గదా సెప్తాండింది?"

ఇప్పుడు 'ఏమీ'కి మా ఇంట్లో ఇద్దరు హక్కుదారులు. ఎవరైనా బంధువు నూనె సీసా పట్టుకుని గడప ఎక్కితే ఇద్దరూ కలిసి దించుతారు. సబ్బు ఎవరు దాచి పెట్టారన్న దాని మీద మాత్రం రోజూ గొడవే.

ఇక మిగులు చూసుకోవాలి. పేరు పోయింది. మా నాయన మారన్న ఆ తొట్టిలోంచి దిగిపోయాడు. తొట్టి తాడు పోయింది. మూడో నెల పోయింది. అయిదో నెలకు మార్చుదామని ఒకసారి కదిపి చూశాను గానీ, "ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఏమన్నారు అన్నయ్యగారూ?" అని ఆమె అడిగింది. సాక్షులు టెంపో నిండా ఉన్నారు. చల్లగా ఉంటే మంచిదన్న నా విద్య వడ్ల దగ్గరే ఆగిపోయింది. ఇంటి లోపల నన్నెవరూ ఏదీ తాకి చూడమని అడగడం లేదు, చేతులు కడుక్కోమని మాత్రం అడుగుతున్నారు. మొదట్లో నా దగ్గర ఉన్న ఆ అరవని మనవడు, నలుగురికీ చూపించుకున్న ఆ బుద్ధిమంతుడు, వాడూ పోయాడు.

వాడి చోట వచ్చినవాడు పాలకు నిమిషం ఆలస్యమైతే పాల డెయిరీ దాకా వినిపిస్తాడు, ఎత్తుకుంటే తంతాడు, దించితే తిడతాడు, ఎవరి బేరానికీ లొంగడు. వాడి బొడ్డు మీద ఏమీ లేదు.